కేరాఫ్ దక్షిణామూర్తి

ఆ ఫ్రేమును ఇరవై ఒక్క ఏళ్లుగా తుడుస్తున్నది నేనే. ఈ దీవుల్లో ఏడాదికి ఎనిమిది నెలలు వానే. గోడకి తగిలించిన దేనికైనా వారం తిరక్కుండా బూజు పడుతుంది. అది అద్దం లోపలికి పాకిందంటే ఫోటో ఖతం. అందుకని ప్రతి ఆదివారం స్టూలెక్కి దాన్ని దింపి, వెనక మేకులు వదులు చేసి, అద్దం ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, ఎండ ఉంటే ఎండలో, లేకపోతే పొయ్యి పక్కన కాసేపు ఆరబెట్టి, మళ్లీ బిగించి తగిలిస్తాను. ఆ ఫ్రేములో రెండున్నాయి. పైన ఫోటో. కింద ఒక వారపత్రిక వాళ్లిచ్చిన ప్రశంసాపత్రం: "ఛాయాచిత్రాల పోటీ, 1972, ప్రథమ బహుమతి, శ్రీ కె. దక్షిణామూర్తి, పోర్ట్ బ్లెయిర్." దక్షిణామూర్తి గారు మా ఆయన. ఆయన ఆ ఫ్రేమును ఒక్కనాడూ తుడవలేదు. ఆ ఫోటో కూడా ఆయన తియ్యలేదు. తీసింది నేను.

చూశారా, ఎంత తేలిగ్గా అనేశానో! "తీసింది నేను" అన్న ఈ రెండు మాటలు గొంతు దాటి రావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో చెబుతాను. వింటూ వింటూ మీకు నా మీద కోపం వస్తే రానివ్వండి. నాకే నా మీద బోలెడు కోపం ఉంది.

మొన్నొక ఆదివారం స్టూలు మీదే ఉన్నాను. ఆయన పడక్కుర్చీలో కాళ్లు చాపుకుని రెండో కాఫీ తాగుతున్నారు. మా లంబాలైన్ ఇళ్ల మీంచి విమానం దిగుతుంటే ఆ మోత పోయేదాకా ఆగి, అప్పుడన్నారు.

"ఏమోయ్, మీ పుస్తకం అట్ట మీద నా ఫోటో వేస్తున్నారటగా? సుబ్బరామయ్య గారు బజార్లో కనబడి చెప్పారు. ఏదో కాగితం మీద సంతకం కావాలట. రేపు పట్టుకొచ్చెయ్, పెట్టేస్తాను. ఆ, ఆ, చేతులు తడిగా ఉన్నాయేమో చూసుకో, నా ఫోటోకి తడి తగిలేను."

నా ఫోటో, నా ఫోటో. రెండుసార్లు. చేతులు తడిగానే ఉన్నాయి. అప్పటిదాకా ఆయన చొక్కాలు ఉతికాను కదా. కొంగుకి తుడుచుకుని ఫ్రేము గోడకి తగిలించాను. అది నిటారుగా ఉందో లేదో ఆయన కుర్చీలోంచే చూసి, "కొంచెం ఎడమకి" అన్నారు.

పుస్తకం సంగతి చెప్పాలి. నేను పదిహేడేళ్లు బళ్లల్లో పాఠాలు చెప్పి, మూడేళ్లుగా తెలుగు వాచకాల కమిటీలో పని చేస్తున్నాను. ఇక్కడి మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. తెలుగు అక్షరం చూస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. వాళ్లకి పొలాలూ ఎడ్లబళ్లూ ఉన్న పుస్తకమిస్తే ఏం అంటుకుంటుంది? సముద్రం, జెట్టీ, డోంగీ పడవ ఉన్న మూడో తరగతి వాచకం తయారు చేద్దామని కమిటీలో మొదట అన్నది నేనే. పాఠాలు సగం నేను రాశాను, ప్రూఫులన్నీ నేనే దిద్దాను. అదంతా కాక కమిటీ నాకు అప్పజెప్పిన అసలు పని ఇంకొకటి. బయటి వాళ్ల రాతలు, బొమ్మలు, ఫోటోలు పుస్తకంలో వాడుకోవచ్చో కూడదో కాపీరైటు చట్టం చూసి నోట్ పెట్టాలి. అట్ట మీదికి ఆ ఫోటో అని కమిటీలో అందరూ ముక్తకంఠంతో అన్నప్పుడు నేను తల వంచుకుని మీటింగు కాగితంలో రాసుకున్నాను. ఆ ఫైలు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

ఫోటోలో ఏముందంటే, రొమ్ముల దాకా నీళ్లలో నిలబడిన ఒక పడుచు. భుజం మీద వల తాడు. తడిసిన జుట్టు మొహానికి అంటుకుని ఉంది. నోరు తెరిచి ఉంది, పళ్లు కనబడుతున్నాయి, ఎండకి కళ్లు చికిలించి ఉన్నాయి. కింద మూల ఒక తెడ్డు కొస, దాని మీద ఒక మగవాడి చెయ్యి. పత్రిక వాళ్లు ఆ చేతిని కత్తిరించేసి, కింద ఇలా రాశారు: "జాలరి పడుచు. కష్టంలోనూ చెదరని చిరునవ్వు."

చిరునవ్వట! ఆ రోజు జరిగింది చెబితే మీరే నవ్వుతారు.

నేనప్పుడు టెంపరరీ టీచర్ని. నీళ్లకి అవతలి ఒడ్డునున్న హోప్ టౌన్‌లో పిల్లల్ని బళ్లో చేర్పించమని ఇల్లిల్లూ తిరిగి చెప్పడానికి వెళ్లాలి. మా అన్నయ్య ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు. నా పెళ్లికి ఒక కెమెరా తెచ్చిపెట్టాడు, నడుం దగ్గర పట్టుకుని పైనుంచి వంగి చూసి కొట్టే రకం. అది మెళ్లో వేసుకున్నాను. మా ఆయన కూడా తోడొస్తానన్నారు. చాతం జెట్టీ దాకా వచ్చారు. డోంగీ అటూ ఇటూ ఊగడం చూశారు, ఒక చేత్తో పొట్ట పట్టుకుని గట్టు మీదే కూలబడ్డారు. ఆయనకి నీళ్ల మీద కాలు పెడితే కడుపులో తిప్పుతుంది. పెళ్లయ్యాక మద్రాసు నుంచి ఇక్కడికి ఓడలో వస్తుంటే నాలుగు రోజులూ ఆయన పక్కన బకెట్టు పట్టుకుని కూచున్నాను. కొత్త పెళ్లికూతురిగా నా మొదటి సేవ అదే. ఇప్పటికీ ఆయన ఫెర్రీ ఎక్కరు. మెయిన్‌లాండ్ వెళ్లాలంటే విమానమే.

డోంగీ వేసింది అప్పలరాముడు. హోప్ టౌన్ ఒడ్డు దగ్గర పడుతుండగా ఎదురుగా నీళ్లలో అతని భార్య గురమ్మ ఒక్కతే వల లాగుతోంది. అతను చూసుకోకుండా డోంగీని సరాసరి వల మీదికి తోలాడు. గురమ్మ ఇటు తిరిగి ఒక్క కేక వేసింది. "ఓరి నీ జిమ్మడ! కళ్లు నెత్తి మీదున్నాయేటిరా? వల మీంచి తెస్తన్నావు! ఎనక్కి తియ్యి!" నేను డోంగీ అంచు దాకా వంగి, నీళ్లకి జానెడు ఎత్తులో కెమెరా పెట్టి, ఆ "ఎనక్కి" దగ్గర కొట్టాను. అదీ ఆ చెదరని చిరునవ్వు.

ఒడ్డుకి చేరాక గురమ్మ అడిగింది, "నన్ను పొటో తీసినావా?" అని. "ఒక కాపీ నీకిస్తాలే" అన్నాను.

ఆ రోజుల్లో ఫిల్ము రోలు విశాఖపట్నం స్టూడియోకి ఓడలో పంపేవాళ్లం. ప్రింట్లు వచ్చేసరికి నెలా నెలన్నర. ఓడ వచ్చిందంటే టపా అంతా ఆఫీసులకే వెళ్లేది, అక్కడ గుమాస్తా పేర్లు పిలిచి పంచేవాడు. ఆడవాళ్ల పేరున ఏదైనా వస్తే "ఈమెవరు, మన స్టాఫ్ కాదే" అని పక్కన పడేసేవాడు. అందుకని ఇక్కడి ఆడవాళ్లందరికీ అడ్రసు ఒకటే, కేరాఫ్ మొగుడు. నేను కవరు మీద "కె. సత్యవాణి, కేరాఫ్ కె. దక్షిణామూర్తి" అని రాసి పంపాను. స్టూడియో వాళ్లు రశీదులోనూ ప్రింటు వెనకా కేరాఫ్ పేరే రాశారు. పోటీకి ఉత్తరం నా పేరుతోనే పెట్టాను. పత్రిక వాళ్లు ఉత్తరం చూడలేదు, ప్రింటు వెనక చూశారు. అంతే, నేను మాయమైపోయాను.

ఇక్కడి దాకా పొరపాటు. పొరపాటుకి ఎవర్నీ ఏమీ అనను. కానీ పత్రిక వచ్చిన రోజు ఆయన ఆఫీసు నుంచి మిఠాయి పొట్లంతో వచ్చారు. అప్పటికే ఆఫీసంతా ఆయన చేతులు పట్టుకుని ఊపేశారట.

"అందరూ అంత సంతోషపడుతుంటే ఏం చెప్పమంటావు వాణీ? బాగుండదు కదా. అయినా నీ పేరైతేనేం, నా పేరైతేనేం? మనిద్దరం వేరా?"

నేను మిఠాయి తిన్నాను. మొట్టమొదటి తప్పు అదే. ఆ తర్వాతి ఓడలో మా అత్తగారి ఉత్తరం వచ్చింది. "అబ్బాయి పేరు పుస్తకంలో పడిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. వాడు ఎండనపడి ఫోటోలు తీస్తున్నాడు కాబోలు, చిక్కిపోతాడు, కాస్త నెయ్యి వేసి పెట్టమ్మా." వేసి పెట్టాను. తర్వాత ఆఫీసు ఫంక్షన్లకి ఫోటోలు తియ్యమని ఆయన్ని పిలవడం మొదలుపెట్టారు. కెమెరా ఆయన మెళ్లోకి వెళ్లింది. ఆయన తీసిన ఫోటోల్లో ఎవరికీ తలకాయలుండేవి కావు. రెండేళ్లకి లెన్సు నిండా బూజు పట్టింది. అప్పటికి నా చంకలో ఒకడు, కడుపులో ఇంకొకతె. కెమెరాని ఆయన పాత మఫ్లరులో చుట్టి బీరువాలో పెట్టేశాను. ఆ ఫోటో ఫిల్ము కూడా బూజు పట్టి పోయింది. మిగిలింది గోడ మీది ప్రింటు ఒక్కటే.

ఇంటికి ఎవరొచ్చినా ఆ ఫ్రేము కిందే కూచోబెడతారు. నేను టీ పళ్లెంతో వచ్చేసరికి కథ సరిగ్గా అక్కడికొస్తుంది. "'ఏదీ, ఓసారి నవ్వు' అన్నానండీ. పాపం, నవ్వింది. టక్కున కొట్టాను." వచ్చినవాళ్లు ఆహా అంటారు. నేను చక్కెర సరిపోయిందా అని అడుగుతాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడండి, ఆ సామెత మా హాల్లో మేకు కొట్టి తగిలించి ఉంది.

సోమవారం సుబ్బరామయ్య గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన మా కమిటీకి పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. మిన్నీ బే నుంచి గొడుగేసుకుని నడిచి వస్తారు.

"సత్యవాణి గారూ, ఇంత ఆలోచించడానికి ఏముందమ్మా? పిల్లల పుస్తకం. దీన్ని అమ్ముకుని మేడలు కట్టేవాళ్లెవరూ లేరు. ఫెయిర్ డీలింగ్ కిందికి వస్తుందని ఒక పేజీ రాసెయ్యండి. నేను సంతకం పెడతాను. బస్, ఫైలు ప్రెస్సుకి."

ఫెయిర్ డీలింగ్ అంటే ఒకరి రాతనో బొమ్మనో వాళ్లని అడక్కుండానే న్యాయంగా వాడుకోవడానికి చట్టం వదిలిన సందు. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధనకి, విమర్శ రాయడానికి ఆ సందులోంచి వెళ్లొచ్చు. టీచరు క్లాసులో పాఠం చెప్పడానికి వాడుకున్నా తప్పు లేదు.

"అట్టకి అది వర్తించదేమో సార్. మనం ఫోటో గురించి చర్చించడం లేదు. మొత్తం ఫోటోని అట్టకి అలంకారంగా మూడు వేల కాపీలు వేస్తున్నాం. అనుమతి తీసుకోవాలి."

"తీసుకోండి, వద్దన్నదెవరు? యజమాని మీ ఇంట్లోనే ఉన్నాడు కదా! సాయంత్రం కాఫీ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకు రండి" అని నవ్వారు. "అట్ట వేసే బొమ్మలాయనకి అసలు ప్రింటు కూడా కావాలట. మూల ఆ చెయ్యేదో అడ్డంగా ఉందిట, కత్తిరించేస్తాడు."

పాపం, మంచివాడాయన. అదే నా ఏడుపు. చెడ్డవాళ్ల మీద కోపం ఊరికే వస్తుంది, మంచివాళ్ల మీద తెచ్చుకోవాలంటే చచ్చేంత ఓపిక కావాలి. ఆయన వెళ్లాక చట్టం పుస్తకం మళ్లీ తీశాను. ఫారంలో "కర్త పేరు" అని ఒక గడి ఉంది, అది నింపాలి. కర్త అంటే ఎవరో చట్టం మొదటి పేజీల్లోనే రాసింది. ఫోటోకి కర్త, ఫోటో తీసిన వ్యక్తి. అంతే. కెమెరా ఎవరిదని అడగలేదు. రశీదు ఎవరి పేరున ఉందని అడగలేదు. కేరాఫ్ ఎవరని అడగలేదు. ఇంకా ముందుకెళితే, హక్కులు ఇంకొకరికి ఇచ్చేసినా కూడా ఇది నా పని అని చెప్పుకునే హక్కు కర్తకి పోదని ఉంది. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. ఎవరో నా భుజం తట్టినట్టయి ఏడుపొచ్చింది, బాత్రూముకి వెళ్లి మొహం కడుక్కున్నాను.

ఆ సాయంత్రం మా ఆయన స్నేహితులు వచ్చారు. ఆయన రెండు నెలల్లో రిటైరవుతున్నారు, ఆ ఏర్పాట్లు. తొమ్మిదిమందికి ఉప్మా, బజ్జీలు, రెండుసార్లు టీ. పుస్తకం విడుదల, ఆయన పదవీ విరమణ ఒకే వేదిక మీద పెట్టి, ఫోటోగ్రాఫరుగా ఆయనకి శాలువా కప్పాలని వాళ్ల పథకం. వాళ్లు వెళ్లాక గిన్నెలు తోముతూ వంటింట్లోంచే అన్నాను.

"ఫారంలో కర్త పేరు రాయాలి. తీసింది నేనని రాస్తాను."

"ఎవరూ?" అన్నారు.

"నేను."

మొదట నవ్వారు. నేను నవ్వకపోయేసరికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "కెమెరా మీ అన్నయ్య ఎవరి చేతికిచ్చాడు? పెళ్లికొడుకు చేతికి. రశీదు ఎవరి పేరున ఉంది? బహుమతి ఎవరికొచ్చింది?" నేను తోముతూనే ఉన్నాను. గొంతు మార్చారు. "నేను నీకేం తక్కువ చేశాను వాణీ? ఉద్యోగం చేస్తానంటే వద్దన్నానా? ఇప్పుడీ వయసులో నలుగురిలో నా పరువు తీసి, దొంగ అనిపిస్తావా? నీ పేరైతేనేం, నా పేరైతేనేం?"

"ఏ తేడా లేకపోతే నా పేరే వెయ్యనివ్వండి."

గుమ్మానికి ఆనుకున్నారు. తర్వాత చాలా తెలివైన మాట అన్నారు. ఆఫీసులో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు నడిపిన మనిషి కదా. "సుబ్బరామయ్య గారు చెప్పినట్టు ఫెయిర్ డీలింగ్ అని రాసెయ్. అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు, ఏ పేరూ రాయక్కర్లేదు. నీకూ గొడవ లేదు, నాకూ లేదు." నేను గిన్నెలు కడిగి బోర్లించాను. మౌనం అర్ధాంగీకారం అనుకుని వెళ్లి పడుకున్నారు.

నిజమే. ఒక్క పేజీ. అది ఫెయిర్ డీలింగే అని రాస్తే ఇల్లు చల్లగా ఉంటుంది. నా ఫోటో అట్ట మీద కూడా పడుతుంది. పిల్లలు చూస్తారు. ఇంకేం కావాలి? ఆ వారమంతా దాని మీదే కొట్టుకున్నాను. అడగక్కర్లేదు. ఈ మాట ఎక్కడో విన్నానే అనుకుంటే, అబ్బో, నా జీవితమంతా ఆ మాట మీదే నడిచింది. తొమ్మిదిమందిని టిఫినుకి పిలిచేముందు నన్ను అడగక్కర్లేదు, ఇంట్లోనే ఉంటాను కదా. అత్తగారి కంటి ఆపరేషనుకి నా సెలవు పెట్టించేముందు అడగక్కర్లేదు, కోడల్ని కదా. తెలుగు సంఘం సంచిక ప్రూఫులు నా ఒళ్లో పడేసేముందు అడగక్కర్లేదు, ఎలాగూ వచ్చిన పనే కదా. కమిటీలో నా పాఠాలకి "సంపాదకవర్గం" అని పేరు పెట్టేముందు అడగక్కర్లేదు, మనమంతా ఒకటే కదా. ఏ కోర్టూ లేకుండా, ఏ చట్టమూ చూడకుండా నన్నంతా న్యాయమైన వాడకం కింద వాడేసుకున్నారు. ఇప్పుడు చట్టం చదివి, చేతిలో కలం పట్టుకుని, ఆ మాటే నా చేత నా ఫోటో మీద రాయిస్తారట! అరికాలి మంట నెత్తికెక్కింది.

శనివారం పొద్దున్న ఫ్రేములోంచి ప్రింటు ఊడదీస్తుంటే ఆయన చూశారు. "ఆఫీసుకా? మంచిది. మడత పడనివ్వకు" అన్నారు. అట్టముక్కల మధ్య పెట్టుకుని చాతం వెళ్లి ఫెర్రీ ఎక్కాను. సాక్ష్యం కోసమని బయల్దేరాను, అబద్ధమెందుకు. దార్లో ఇంకొక సంగతి గుచ్చుకుంది. ఆ చట్టంలో ఫోటో తీసినవాళ్ల గురించి అంత ఉంది, ఫోటోలో ఉన్న మనిషి సంగతి నాకెక్కడా కనబడలేదు. నేను కూడా ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ మొహాన్ని వారం వారం తుడిచాను కానీ ఒక్కసారైనా వెళ్లి చూశానా?

హోప్ టౌన్ ఒడ్డున గురమ్మ చేపలు ఎండబెడుతోంది. జుట్టు సగం నెరిసింది, మనిషి మాత్రం అలాగే నిటారుగా ఉంది.

"నేనే గురమ్మా, టీచర్ని. అప్పుడెప్పుడో పిల్లల్ని బళ్లో వేయించడానికి..."

"పొటో ఇత్తానని ఎగ్గొట్టిన టీచరమ్మవా?" అంది, తలెత్తకుండానే.

నా మొహం ఎక్కడ పెట్టుకోను? అట్టముక్కలు విప్పి ప్రింటు చూపించాను. చేతులు చీరకి రెండుసార్లు తుడుచుకుంది గానీ ముట్టుకోలేదు. వంగి చూసింది. "ఓలమ్మా! నానేనేటి ఇది? ఇంత బాగుండీదాన్నేటి?" పత్రికలో "చెదరని చిరునవ్వు" అని రాశారని చెబితే దగ్గొచ్చేదాకా నవ్వింది. "నవ్వేటి దీదీ! ఆ గుడ్డోడిని తిట్టీసినాను గదా!" ఏమని తిట్టిందో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. "మరి నా పేరేసినారా?"

"లేదు. జాలరి పడుచు అని వేశారు."

"జాలరి పడుచంట! నాకు పేరు నేదేటి? ఓడకి పేరుంటాది, మా డోంగీకి కూడా పేరుంది. పోనీ నీ పేరేసినారా?"

"మా ఆయన పేరు వేశారు."

"ఆ బాబా? చాతం గట్టు మీద కక్కుకుంటా కూకున్నాడని మావోడు సెప్పినాడు గదా! ఆడెలాగ తీసినాడు?" నడుం మీద చేతులు పెట్టుకుని నావేపు చూసింది. "నువ్వేటన్నావు మరి?"

"ఏమీ అనలేదు."

"ఇన్నేళ్లూ ఏటీ అన్నేదా? సదువుకున్నదానివి, నీకు తిట్టడం రాదేటి?"

ఆమె మళ్లీ ఫోటోలోకి వంగింది, ఈసారి కింద మూలకి. అక్కడే ఆగిపోయింది. తెడ్డు మీద చెయ్యి. చిటికెన వేలు చివర సగం లేదు. తాడు కోసేసిందని అప్పలరాముడు ఆ రోజు నాకు చూపించినట్టు గుర్తు.

"ఆడి చెయ్యి" అంది గురమ్మ. "పోయి ఆరేళ్లయింది. ఆడి పొటో ఒక్కటంటే ఒక్కటి నేదు నా కాడ. దీదీ, ఇది నాకిచ్చెయ్."

"ఆఫీసు పనవగానే తెచ్చిస్తాలే" అన్నాను. అంటూనే నా చెవులతో నేను విన్నాను. ఇరవై ఒక్క ఏళ్ల కిందటి మాటే, అదే గొంతు, అదే "లే". ఛీ అనిపించింది. ఈమె మొహం అడక్కుండా తీసుకున్నాను, అడక్కుండా పోటీకి పంపాను. మా ఆయన నాకు చేసింది ఈమెకి నేను చెయ్యలేదా? ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాను. చేపల వాసన అంటితే అంటనీ అనుకున్నాను.

"పిల్లల పుస్తకం అట్ట మీద దీన్ని వేస్తామంటున్నారు. వెయ్యమంటావా గురమ్మా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. అడిగితే మనిషి ఎంతసేపు ఆలోచిస్తుందో అప్పుడు చూశాను. "ఎయ్యండి" అంది చివరికి. "నా పేరెయ్యండి. ఆడి చెయ్యి మాత్రం కొయ్యకండి."

సోమవారం నోట్ రాశాను. తప్పులు లేకుండా, కోపం కనబడకుండా, శుభ్రంగా రాశాను. "మొత్తం ఫోటోను పుస్తకం అట్టపై ముద్రించడం నా అభిప్రాయంలో ఫెయిర్ డీలింగ్ కిందికి రాదు. అనుమతి అవసరం. ఈ ఫోటోను 1972 జనవరిలో హోప్ టౌన్ ఒడ్డున, డోంగీలోంచి, కె. సత్యవాణి అను నేను తీశాను. పత్రికలో పడిన పేరు పొరపాటు. నేనే కర్తను కనుక ఈ ఫైలుపై తుది నిర్ణయం నేను చెయ్యకూడదు, వేరొకరికి పంపగలరు. ఫోటోలో ఉన్నది హోప్ టౌన్ నివాసి గురమ్మ. మూల ఉన్న చెయ్యి ఆమె భర్త కీ.శే. అప్పలరాముడిది. గురమ్మ పేరు, నా పేరు వేసి, ఆ చేతిని కత్తిరించకుండా ముద్రిస్తే నాకు అభ్యంతరం లేదు. అసలు ప్రింటు గురమ్మ వద్ద ఉంది. కావలసినవారు వెళ్లి ఆమెను అడగాలి."

సుబ్బరామయ్య గారు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంటి గొడవ ఫైల్లోకి తెచ్చారేమిటమ్మా?"

"ఫైలే మా ఇంట్లోకి వచ్చింది సార్. కర్త పేరు రాయమన్నది మీరే."

"రుజువేదీ?"

"ఆ క్షణంలో ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చిందో ఆమెకి తెలుసు, నాకు తెలుసు. మా ఆయన్ని అడగండి ఏమందో. తర్వాత హోప్ టౌన్ వెళ్లి ఆమెని అడగండి."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని నోట్ ఇంకోసారి చదివారు. తర్వాత కలం తీసి నోట్ కింద పొట్టి సంతకం పెట్టి, పైకి పంపే ట్రేలో పడేశారు. "మూర్తి గారికి ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి" అన్నారు. దార్లో ఆయనే చెప్పేశారని నాకు సాయంత్రం తెలిసింది.

మా ఆయన గేటు దబామని వేసుకుని వచ్చారు. చెప్పులు కూడా విప్పలేదు. ఖాళీ ఫ్రేము కింద నిలబడ్డారు. అద్దం వెనక ప్రశంసాపత్రం ఒక్కటే ఉంది, దాని అంచున అప్పుడే సన్నగా బూజు. నిన్న ఆదివారం నేను స్టూలెక్కలేదు మరి.

"ఎంత పని చేశావు! నలుగురిలో తలెత్తుకోనిచ్చావా? ఆ పుస్తకం వద్దు, వాళ్ల శాలువా వద్దు. రేపు ఆఫీసు నుంచి నా ఫోటో తెచ్చి ఎక్కడున్నది అక్కడ పెట్టు."

"ప్రశంసాపత్రం మీ పేరున వచ్చింది, అది మీదే. ఇక మీరే తుడుచుకోండి. గుడ్డ స్టూలు మీద ఉంది."

"నా ఫోటో ఏదీ అంటుంటే?"

"హోప్ టౌన్‌లో ఉంది, గురమ్మ ఇంట్లో. కావాలంటే వెళ్లి అడగండి. చాతం నుంచి ఫెర్రీ తొమ్మిదింటికి" అన్నాను. నేను టీ పెట్టుకోవడానికి లేచాను, నా ఒక్కదానికే. వంటింటి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాను.

"వెళ్లాక ఆమెతో అనండి, 'ఏదీ, ఓసారి నవ్వు' అని."